వేడినీళ్ళలో పడకముందే

మాది నరసాపురం పక్కన పల్లెటూరు. మా వైపు ఆడపిల్లకి జడ వేసుకోవడం రాకపోయినా లేసు అల్లడం వచ్చేది. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నలుగురికి నేర్పిన పని, గోదావరి పాయల వెంబడి ఊరూరా పాకి ఇంటింటి అరుగు మీదికీ చేరింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ నూలు దారంతోనే నేను పెద్దదాన్నయ్యాను. ఉన్ని మాత్రం తల నెరిశాకే చేతికొచ్చింది. మా అబ్బాయికి నార్వేలో, స్టావంగర్‌లో ఉద్యోగం. గుమ్మం దగ్గర బూట్లు విడిచి లోపలికి రావడం మనలాగే వాళ్ళకీ అలవాటు. లోపల తొడుక్కోవడానికి ఉన్ని జోళ్ళు ఉంచుకుంటారు. నేను వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు పక్క వాటాలో ఉండే పెద్దావిడ నా లేసు చూసి ముచ్చటపడి, నా చేతిలో లావుపాటి సూదీ, ఉన్ని దారమూ పెట్టింది. క్రోషియాతో వదులుగా, కావాలనే పెద్దదిగా అల్లి, సబ్బు కలిపిన వేడినీళ్ళలో నలిపితే ఆ అల్లిక కుదించుకుపోయి మందంగా గట్టిపడుతుంది. దాన్నే ఫెల్ట్ అంటారు. కత్తెరతో కోసినా పోగు ఊడదు.

ఇప్పుడు హైదరాబాదులో మా వరండాలోకి వచ్చే అమ్మాయిలకి ఈ పని చెబుతుంటాను. వాళ్ళు పదే పదే అడిగేవాటికి నేనిచ్చే జవాబులే ఇవి. నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: ఈ పనిలో మంచైనా చెడైనా నీళ్ళు ముట్టకముందే తేలిపోతుంది. అందుకే నా పాఠాల్లో సగం పొడి పాఠాలు.

1. దుకాణంలో మొహమాటపడకండి

"ఊలు దారం ఇవ్వండి" అంటే మన బజారులో నూటికి తొంభైపాళ్ళు ఆక్రిలిక్ ఇస్తారు. దుకాణదారుది మోసం కాదు. స్వెట్టరు అల్లే దారం ఏదైనా ఇక్కడ ఊలే. రంగులు బాగుంటాయి, ధర అందుబాటులో ఉంటుంది, పసిపిల్లల టోపీలకి అదే నయం కూడా. కానీ అది పెట్రోలియం నుంచి తీసిన పోగు. దాన్ని పగలంతా మరగబెట్టి బండకేసి బాదినా ఫెల్ట్ అవ్వదు. సాగి, వేలాడి, రూపం చెడుతుందంతే.

కాబట్టి లేబుల్ చదవండి. 100 శాతం ఉన్ని అని ఉండాలి. ఉండి కూడా "సూపర్‌వాష్" అనో, "మెషిన్‌లో ఉతకవచ్చు" అనో పక్కన ఉంటే వెనక్కి పెట్టేయండి. అది అసలైన ఉన్నే, కానీ కుదించుకుపోకుండా మిల్లులోనే మందు పట్టించిన ఉన్ని. స్వెట్టరుకి అది వరం, మనకి దండగ. ఉల్‌మార్క్ ముద్ర ఉందికదా అని నిశ్చింతగా ఉండే వాళ్ళున్నారు. ఆ ముద్ర దారం ఉన్నిదని చెబుతుంది, ఫెల్ట్ అవుతుందని చెప్పదు. సూపర్‌వాష్ దారం మీదా ఆ ముద్ర ఉండొచ్చు.

లేబుల్ చిరిగిపోయిన ఉండలు చేతికొస్తే రెండు పరీక్షలు. మొదటిది మంట. జానెడు దారం తెంపి, పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్ళెం పెట్టి, దీపం మీదికి తీసుకెళ్ళండి. ఉన్ని అయిష్టంగా కాలుతుంది, మంట తీయగానే ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. ఆక్రిలిక్ భగ్గుమని, కరిగి బొట్లుగా కారి, చల్లారాక రాయిలాంటి గుండు మిగులుస్తుంది. నూలైతే కాగితం కాలిన వాసన.

సూపర్‌వాష్ ఉన్నీ ఈ మంట పరీక్ష నెగ్గేస్తుంది. అందుకే రెండోది కూడా చేయాలి, నాకు ఇష్టమైనది అదే. దారాన్ని కత్తిరించకుండా చేత్తో తెంపండి. తెగిన రెండు కొసల పురి విప్పి, పోగులు విడదీసి, ఒకదాని మీద ఒకటి రెండంగుళాల మేర పరవండి. తడిచేసి, రెండరచేతుల మధ్య పెట్టి, చేతులు వేడెక్కేదాకా గబగబా రుద్దండి. మంచి ఉన్ని అయితే ముడి లేకుండానే ఒక్క దారమైపోతుంది, లాగినా ఊడదు. అతకలేదంటే ఆ దారంతో ఫెల్ట్ ఆశ వదులుకోండి. ఉన్ని అల్లికలో చెయ్యి తిరిగినవాళ్ళు ఈ కిటుకుతోనే ఒక ఉండ అయిపోతే రెండో ఉండ అతికిస్తారు. దుకాణంలో నిలబడి నేను చేతులు రుద్దుకుంటుంటే సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు. చూడనీ.

తెల్ల దారం దగ్గర మరీ జాగ్రత్త. బాగా బ్లీచ్ చేసిన మల్లెపూవు తెలుపు సరిగా ఫెల్ట్ కాదు, లేదా మిగతా రంగులకంటే వెనకబడుతుంది. గొర్రె సహజ రంగులు, అంటే గోధుమ, బూడిద, నలుపు, చెప్పినట్టు వింటాయి.

2. మన గొర్రె ఏమిస్తుందో తెలుసుకోండి

కోస్తాలో పుట్టిన మనకి ఉన్నితో చుట్టరికం తక్కువ కావడానికి కారణం ఎండ ఒక్కటే కాదు. నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, ఉండేది పొట్టి వెంట్రుకే. దాన్ని మాంసం కోసం పెంచుతారు. ఉన్నిచ్చేది దక్కనీ గొర్రె. తెలంగాణలో, రాయలసీమలో కొన్నిచోట్ల కురుమలు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, చేత్తో వడికి, పడుగుకి చింతగింజల గంజి పెట్టి గొంగడి నేసేవాళ్ళు. ఇప్పుడు మాంసం గొర్రెల మోజులో దక్కనీ మందలే తగ్గిపోతున్నాయి. కత్తిరించిన ఉన్నికి కొనేవాడు లేక పారేస్తున్న రోజులు.

ఆ దక్కనీ ఉన్ని నేను అల్లి చూశాను. ముతక, మధ్యమధ్య బిరుసు వెంట్రుకలు. నిదానంగా ఫెల్ట్ అవుతుంది, పైన నూగు నిలబడే ఉంటుంది. మెడకి తగిలే వస్తువులకి వద్దు. వేడి గిన్నె కింద వేసే మ్యాట్‌కి, గుమ్మంలో పట్టాకి, బుట్టకి దాన్ని మించింది లేదు. రాజస్థాన్‌లో టోంక్ వైపు నమ్దాలనే ఫెల్ట్ పట్టాలు చేసే వాళ్ళు దారం ప్రసక్తే లేకుండా విడి ఉన్ని పొరల్నే ఫెల్ట్ చేస్తారు. కాశ్మీరీ నమ్దా మీద పువ్వులు కుట్టేదీ కొక్కెం ఉన్న ఆరీతోనే. కొక్కేనికీ ఫెల్ట్‌కీ స్నేహం కొత్తది కాదన్నమాట.

కాళ్ళకి, చేతులకి, పిల్లల వస్తువులకి మెరీనో కలిసిన దారం మెత్తగా ఉంటుంది. 24 మైక్రాన్ల లోపు సన్నటి పోగు అది. త్వరగా ఫెల్ట్ అవుతుంది, అంతే త్వరగా చెయ్యి దాటిపోతుంది.

3. వేడిని నిందించకండి

"వేడినీళ్ళలో వేశాను, స్వెట్టరు చిన్నపిల్లాడిదైపోయిందండీ" అని అందరూ అంటారు. వేడినీళ్ళలో కదపకుండా నానబెట్టి ఊరుకుంటే ఉన్ని పెద్దగా ఏమీ కాదు. అసలు పని రాపిడిది. ఉన్ని పోగు ఒంటి మీద పెంకుటింటి కప్పులాగా పొలుసులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అన్నీ కొస వైపుకే వాలి ఉంటాయి. నలిపినప్పుడు పోగు కుదురు వైపుకి జారగలదు, కొస వైపుకి జారలేదు. అలా ముందుకే పోతూ పక్క పోగుల్లో చిక్కుకుని, మళ్ళీ బయటికి రాలేదు. వేడి, సబ్బు ఆ కదలికని సులువు చేస్తాయి. సూపర్‌వాష్ అంటే క్లోరిన్‌తో ఆ పొలుసుల్ని అరగదీసి, పైన సన్నటి ప్లాస్టిక్ పూత పూయడం. ఇది తెలిస్తే బజారులో సగం సందేహాలు వాటంతట అవే తీరతాయి.

4. ముక్క అల్లి చూడనిదే మొదలుపెట్టకండి

ఇదొక్కటి చెప్పేటప్పుడే అమ్మాయిల ముఖాల్లో విసుగు కనిపిస్తుంది. నాకేం పట్టదు.

అనుకున్న దారంతో, అనుకున్న సూదితో 20 సెంటీమీటర్ల చదరం అల్లండి. మరీ చిన్నదైతే లెక్క తప్పుతుంది. కాగితం మీద దాని అచ్చు గీసుకుని, నీళ్ళలో నలిపి, ఆరబెట్టి, మళ్ళీ కొలవండి. అడ్డమూ నిలువూ ఒకేలా తగ్గవు, అందుకే రెండూ విడివిడిగా రాయాలి. అడ్డం 20 నుంచి 16కి వచ్చిందనుకోండి, అంటే మిగిలింది 80 శాతం. నిలువు 14కి వస్తే 70 శాతం. మీకు అడ్డం 32, నిలువు 28 సెంటీమీటర్ల సంచి కావాలి. 32ని 0.8తో భాగిస్తే 40, 28ని 0.7తో భాగిస్తే 40. అంటే నలుచదరంగా అల్లిన సంచి, నీళ్ళలోంచి అడ్డంగా సాగినట్టు బయటికొస్తుంది. ఈ లెక్క వేయకుండా నలుచదరం సంచి కోసం నలుచదరమే అల్లితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రంగు మారితే మళ్ళీ ముక్క అల్లాలి. ఒకే కంపెనీ, ఒకే దారం, ఎరుపు ఒకలా, నీలం ఒకలా ముడుచుకుంటాయి, అద్దకం తేడా. రంగు దిగుతుందా అన్నదీ ఆ ముక్కే చెబుతుంది.

5. లేసు చెయ్యి పక్కన పెట్టండి

పాలకొల్లు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. బంగారం లాంటి చెయ్యి. దాని అల్లిక దీపం ముందు పెడితే గళ్ళన్నీ ఒక్క కొలతలో ఉంటాయి. ఆ చెయ్యే ఇక్కడ అడ్డొచ్చింది.

"పిన్నిగారూ, సందులు కనబడుతున్నాయండీ. ఇంకాస్త బిగించనా?"

"వద్దమ్మా. ఇంకా వదులు చెయ్యి."

"చూస్తే వలలా ఉందండీ..."

"వలలాగే ఉండాలి."

లేసు సూది మొన ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. దారాన్ని చూపుడువేలికి చుట్టి బిగపట్టి, ప్రతి కుట్టూ దగ్గరగా లాగడమే మాకు చిన్నప్పట్నుంచీ వచ్చిన చదువు. ఫెల్ట్‌కి ఆ చదువు తిరగబడుతుంది. పోగు పోగు మీదికి పాకాలంటే మధ్యలో చోటుండాలి. బిగుతుగా అల్లిన ముక్క ఎంత నలిపినా అట్టలా బిరుసెక్కుతుంది తప్ప కుట్ల గుర్తులు పోవు. లేబుల్ మీద 5 మిల్లీమీటర్ల సూది అని ఉంటే 7 గానీ 8 గానీ తీసుకోండి. అల్లిన ముక్క కిటికీ ముందు పట్టుకుంటే వెలుతురు అవతలినుంచి ధారాళంగా రావాలి.

ఆ అమ్మాయికి నేను చేసిన ఉపాయం చాలా చిన్నది. దారం వేలికి చుట్టుకోకుండా, ఊరికే వేళ్ళ మీదుగా వదిలేయమన్నాను. రెండు వరసల్లో చెయ్యి మెత్తబడింది.

కుట్ల విషయానికొస్తే, పొట్టి కుట్టే మేలు. పొడుగు కుట్లు వేస్తే వాటి మధ్య సందులు ఒక్కోసారి పూర్తిగా మూసుకోవు. పుస్తకం చూసి అల్లేవాళ్ళు అది అమెరికాదా, ఇంగ్లండుదా చూసుకోండి. అమెరికా వాళ్ళు సింగిల్ అనే కుట్టునే ఇంగ్లండు వాళ్ళు డబుల్ అంటారు. సంచి మొత్తం పొడవు రెట్టింపైపోయాక చూసుకుని లాభం లేదు.

6. కొసల గురించి దిగులు వద్దు

లేసులో కొసలు దాచడమే పెద్ద పని. ఇక్కడ బెత్తెడు కొస వదిలి, నాలుగు కుట్లలోంచి అలా లాగేస్తే చాలు. నీళ్ళలో అదే కలిసిపోతుంది. ముడి మాత్రం వేయకండి, గింజలా గట్టిపడి పాదానికి గుచ్చుకుంటుంది.

7. అతుకు అదే దారంతో

రెండు ముక్కలు కలపడానికి ఇంట్లో ఉన్న మిషన్ దారం వాడారో, ఉన్ని ముడుచుకుంటుంది, ఆ దారం ముడుచుకోదు, అతుకంతా ఉబ్బి గుత్తులు కడుతుంది. అల్లిన దారంతోనే, వదులుగా కుట్టండి. జిప్పులు, గుండీలు, అస్తరు గుడ్డ, ఇవన్నీ ఫెల్ట్ అయి ఆరాకే.

8. కుంకుడుకాయ వద్దు, బోరు నీళ్ళు అసలే వద్దు

మా ఇంట్లో ఉన్ని శాలువా ఉతకాలంటే కుంకుడు రసమే. అది కొంచెం ఆమ్ల గుణం ఉన్నది, ఉన్నికి ఇబ్బంది ఉండదు, పొలుసులు అణిగే ఉంటాయి. ఆ మంచితనమే మనకి ఇప్పుడు పనికిరాదు. ఫెల్ట్ కావాలంటే క్షారం కావాలి. పాతకాలపు బట్టల సబ్బు బిళ్ళని కోరి, వేడినీళ్ళలో కరగనివ్వండి. నురగ మరీ ఎక్కువైతే పోగులు జారిపోయి రాపిడి తగలదు. చేతికి జారుడు తెలిసేంత చాలు. ఎంజైములున్న డిటర్జెంట్ పొడులు వాడొద్దు. మాంసకృత్తుల మరక తినడానికి వాటిలో వేసిన ఎంజైములకి ఉన్ని కూడా మాంసకృత్తే.

ఇక నీళ్ళు. స్టావంగర్ కొళాయి నీళ్ళు ఎంత మెత్తనివంటే, చేతి సబ్బు కడుక్కున్నా ఇంకా జారుతున్నట్టే ఉంటుంది. అక్కడ చిటికెలో అయిన పని, అదే దారం తెచ్చుకుని ఇక్కడ చేస్తే ఒక పట్టాన కదల్లేదు. మా అపార్టుమెంటు బోరు నీళ్ళలో సున్నం. సబ్బు నురగ రాకుండా విరిగిపోయి, తెల్లటి తెట్టు ఉన్నికి పట్టుకుంది. అప్పట్నుంచి కృష్ణా నీళ్ళు వచ్చే పూట రెండు బకెట్లు పట్టి పెట్టుకుంటాను. వానాకాలంలో డాబా మీద పట్టిన వాన నీళ్ళయితే మరీ భేషు.

9. నీళ్ళలో ఏం జరుగుతుందో చూస్తూ ఉండండి

మెషిన్‌లో వేస్తే చేతులకి శ్రమ లేదు, నిజమే. నార్వేలో అందరూ వేస్తారు. పైన మూత ఉన్న మెషినైతే అయిదేసి నిమిషాలకి ఆపి చూసుకోవచ్చు. ముందు తలుపు మెషిన్ మాత్రం నడుస్తుండగా తెరుచుకోదు, పూర్తయ్యాక ఏమొస్తే అది పుచ్చుకోవాలి. ముందుగా రెండుమూడు వస్తువులు చేత్తో చేసినవాళ్ళకే మెషిన్ ఇవ్వాలని నా పట్టుదల. వేసేటప్పుడు దిండు గలీబులో పెట్టి మూతి కట్టండి, లేకపోతే రాలిన నూగు పైపులో పేరుకుంటుంది.

చేత్తో చేసే తీరు జోడు మీద చెబుతాను. గీజరు నీళ్ళు, రబ్బరు తొడుగులు, వెడల్పాటి టబ్బు, వెదురు చాప ముక్క, ఉంటే బట్టలుతికే బండ. జోడు నీళ్ళలో వేసి పది నిమిషాలు నాననివ్వండి. మొదట అది ఇంకా పెద్దదవుతుంది. తడి బరువుకి సాగి, జీవం లేనట్టు వేలాడుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే బెంబేలెత్తిపోతారు. కంగారు పడక, సున్నితంగా పిసుకుతూ ఉండండి. కాసేపటికి కుట్ల మీద సన్నటి నూగు లేస్తుంది. పొడిగా ఉన్నప్పుడు విడివిడిగా జరిగిన కుట్లు ఇప్పుడు పక్కవాటితో కలిసి కదులుతాయి. అప్పుడు గట్టిగా పని మొదలుపెట్టాలి.

చాప మీద పరిచి చుట్టి, ముందుకీ వెనక్కీ దొర్లించండి. ఏ దిక్కుగా దొర్లిస్తే ఆ దిక్కుగానే తగ్గుతుంది, కాబట్టి కాసేపటికోసారి విప్పి పావు వంతు తిప్పాలి. మడమ దగ్గర వదులుగా ఉందా, ఆ చోటనే బండ మీద వేసి అరచేత్తో రుద్దండి. పొడవు ఎక్కువుందా, పొడవు దిక్కుగా మరికాస్త దొర్లించండి. మెషిన్ ఇవ్వలేని సుఖం ఇదే, తగ్గాల్సిన చోటే తగ్గించుకోవచ్చు. మధ్యమధ్య చెయ్యి లోపలికి దూర్చి పై పొరా కింది పొరా విడదీయండి. మర్చిపోతే రెండూ కలిసి ఒకే పొరైపోయి, పాదం దూరే దారి ఉండదు. నీళ్ళు చల్లబడితే మార్చండి. చన్నీళ్ళలో ఒకసారి ముంచి మళ్ళీ వేడిలో వేయడం కొందరి అలవాటు, చేస్తే తప్పులేదు.

10. ఆపడం

ఏది ఏ కుట్టో కంటికి తెలియకూడదు, రెండు చేతులతో లాగినా మధ్యలో సందు కనపడకూడదు. అక్కడ ఆపండి. సంచి అయితే కొంచెం ముందే ఆపినా నష్టం లేదు, మెత్తగా ఉంటుంది. జోడు మాత్రం పాదానికి బిగువుగా ఉండగా ఆపాలి, తొడిగే కొద్దీ సాగుతుంది.

కావలసినదాని కంటే చిన్నదైపోతే తడిగా ఉండగా లాగి కొద్దిగా పెంచవచ్చు, కొద్దిగానే. ముడుచుకున్న ఉన్ని మళ్ళీ విప్పుకోదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం దేనికి, ముక్క అల్లి చూడమని నాలుగో పాఠంలోనే చెప్పాను.

11. తడి ఆరకముందు రూపం

మామూలు నీళ్ళలో సబ్బు పోయేదాకా జాడించండి. ఆఖరి బకెట్టులో ఒక చెంచా వెనిగర్ వేస్తే మిగిలిన క్షారం విరుగుతుంది. పిండేటప్పుడు మెలిపెట్టవద్దు, ఆ మెలిక ముడత ఆరాక పోదు. తువ్వాలులో చుట్టి దాని మీద నిలబడండి, నీళ్ళు అవే దిగుతాయి.

తడి ఫెల్ట్‌ని ఏ రూపంలో ఆరబెడితే ఆ రూపంలో ఉండిపోతుంది. చిన్న బుట్టకి స్టీలు డబ్బా, గిన్నెకి గిన్నె, సంచికి ప్లాస్టిక్ కవర్లు కూరిన అట్టపెట్టె. జోడుకైతే ఎవరిదో వాళ్ళ పాదమే అచ్చు. ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, తడి జోడు వేసుకుని, వేళ్ళ దగ్గరా మడమ దగ్గరా నొక్కి సర్దండి. తర్వాత కాగితాలు కూరి నీడలో ఫ్యాను కింద పెట్టండి. హైదరాబాదు ఎండాకాలంలో ఒక రోజు చాలు. మా నరసాపురం జులై తేమలో మూడు రోజులైనా లోపల చెమ్మ ఉంటుంది, గొర్రెల దొడ్డి వాసన కూడా ఉంటుంది. ఆరితే పోతుంది.

12. మార్బుల్ మీద జారుతుంది

ఉన్ని అడుగున్న జోడు నార్వే చెక్క నేల మీద ఒకలా, మన మార్బుల్, గ్రానైట్ మీద ఒకలా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం చేస్తున్నారంటే అడుగున తోలు ముక్కో, రబ్బరు ముక్కో కుట్టనిదే ఇవ్వకండి. తుంటి ఎముక విరిగాక ఎవరి బహుమతో తలచుకుని ఏం లాభం.

13. వంటింట్లో ఉన్ని ఒక్కటే

వేడి గిన్నె పట్టుకునే గుడ్డలు, గిన్నె కింద మ్యాట్లు మొదటి పనిగా బాగుంటాయి. చదరం అల్లాలి, నలపాలి, అంతే. ఉన్ని కరగదు, మంట అంటుకున్నా అది తీయగానే ఆరిపోతుంది. మిగిలిపోయిన ఆక్రిలిక్‌తో ఇవి అల్లి ఇచ్చేవాళ్ళున్నారు, వద్దు. వేడికి కరిగి చేతికి అతుక్కుంటుంది. ఉన్నిదైనా తడిసి ఉన్నప్పుడు వాడకూడదు, నీటి గుండా వేడి సూటిగా చేతికొస్తుంది.

14. చిమ్మెట

ఉన్నిని తినేది ఎగిరే పురుగు కాదు, దాని పిల్ల. చెమట, నూనె మరకలున్న చోటుకి ముందు చేరుతుంది. కాబట్టి ఉతికి, ఎండబెట్టి, గాలి చొరబడని కవర్లో దాచండి. వేపాకు పెట్టుకుంటే పెట్టుకోండి, నేనూ పెడతాను, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోను. నెలకోసారి తీసి ఎండలో దులపడమే నా మందు. పట్టేసిందని అనుమానమొస్తే కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో నాలుగైదు రోజులు ఉంచండి. ఆల్టాయ్ పర్వతాల్లో పాజిరిక్ సమాధుల్లో దొరికిన ఫెల్ట్ తెరలు రెండువేల ఏళ్ళకి పైబడినవి, రంగులతో సహా మిగిలాయి. సమాధుల్లోకి నీళ్ళు దిగి మంచుగా గడ్డకట్టడం వల్లే. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. మన ఇంట్లో అంత మంచు లేదు కాబట్టి ఫ్రీజరు.

15. తూకం చూసి ధర చెప్పండి

ఫెల్ట్ అయిన వస్తువు చిన్నదిగా కనిపిస్తుంది. పెద్దవాళ్ళ జోడుకి 150 నుంచి 200 గ్రాముల దారం పడుతుంది. నీళ్ళలో కొలత తగ్గింది గానీ బరువు తగ్గలేదు. చూసేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. "ఇంత చిన్నదానికి అంతా?" అంటారు. వంటింటి తూకం మీద పెట్టి చూపించండి. దారం ఖరీదు, అల్లిన గంటలు, నలిపిన గంటలు, మూడూ విడిగా రాసి లెక్క కట్టండి. ముక్క అల్లి చూసిన దారం కూడా అందులో వేయండి.

గంటల లెక్క విషయంలో నేను గట్టిగా మాట్లాడతానని అమ్మాయిలు నవ్వుకుంటారు. కారణం ఉంది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద ఒక పుస్తకం తెచ్చింది. దేశాలు దాటి అమ్ముడుపోయే సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళని పనివాళ్ళుగా కాక, తీరిక వేళ గడుపుకునే గృహిణులుగా లెక్కగట్టబట్టే వాళ్ళకి అంత తక్కువ కూలి అని అందులో వాదించింది. పుస్తకం సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. కానీ మా అరుగు మీద కూర్చుని దారం ఉండలు లెక్కపెట్టి ఇచ్చి, అల్లినవి లెక్కపెట్టి తీసుకెళ్ళే ఏజెంటు నోట "ఊరికే కూర్చునే బదులు నాలుగు డబ్బులు కదమ్మా" అన్న మాట మా అమ్మ ఎన్నిసార్లు విందో. మా అమ్మ ఏనాడూ ఊరికే కూర్చోలేదు. వంటా, పాడీ, ముగ్గురు పిల్లలూ అయ్యాక దీపం దగ్గర పెట్టుకుని అల్లేది.

అందుకే మొన్న ఒకావిడ వచ్చి, "మీకెలాగూ తోచదు కదండీ పిన్నిగారూ, నాలుగు జోళ్ళు చేసిపెట్టకూడదూ, దారం నేనే తెచ్చిస్తాను" అన్నప్పుడు, నలపడానికి గంటకి ఇంత, అల్లడానికి గంటకి ఇంత అని కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ తెచ్చిన సంచి విప్పి, ఒక ఉండ కొస తెంపి, తడిచేసి అరచేతుల మధ్య రుద్దాను. అతకలేదు. దారం మార్చుకురమ్మన్నాను.